బెంగళూరు దేవాలయం: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘంలో మా వార్డులో, అంటే మా ప్రాంతపు సభ్యుల సమూహంలో, దేవాలయ సిద్ధపాటు క్లాసు చెప్తుంటాను. ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. క్లాసులో అడగడానికి మొహమాటపడి రాత్రి పదింటికి వాట్సాప్ చేసేవాళ్ళున్నారు. పెళ్ళిళ్ళలో పక్కన కూర్చుని మెల్లగా అడిగే బంధువులూ ఉన్నారు. అందరికీ పనికొస్తుందని ఇలా ఒకచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న ఒక్కటే చూసుకున్నా సరిపోతుంది.

## మొదట వచ్చే సందేహాలు

దేవాలయం అంటే గుడి కదా? క్రైస్తవులకు గుడి ఏమిటి?

తెలుగు బైబిల్లో యెరూషలేములో ఉన్న మందిరాన్ని దేవాలయం అనే అన్నారు. మనమూ అదే మాట వాడుతున్నాం. ఇందులో విగ్రహారాధన, పూజ, దర్శనం ఉండవు. దేవుడితో నిబంధన చేసుకోవడానికి, కుటుంబాలను శాశ్వతంగా కలిపే విధులు జరుపుకోవడానికి ప్రత్యేకించిన ఇల్లు ఇది. "ప్రభువుకు పరిశుద్ధత, ప్రభువు మందిరం" అనే అర్థం వచ్చే మాటలు బయటి గోడ మీద చెక్కి ఉంటాయి. మీ పక్కింటివాళ్ళు "ఏ దేవుడి గుడి?" అని అడిగితే నొచ్చుకోకండి. ఆ మాట వినగానే తెలుగువాళ్ళెవరికైనా ముందు తట్టే ప్రశ్న అదే.

ప్రతి ఆదివారం వెళ్ళే చర్చి ఉందిగా, మళ్ళీ ఇదెందుకు?

ఆదివారం మనం వెళ్ళేది సమావేశ మందిరానికి. అక్కడికి ఎవరైనా రావచ్చు. రొట్టె, నీళ్ళు తీసుకుంటాం, పాటలు పాడతాం, ప్రసంగాలు వింటాం, పిల్లలు అటూ ఇటూ పరిగెడుతుంటారు. దేవాలయం ఆదివారం మూసి ఉంటుంది, వారం మధ్యలో తెరుస్తారు. అక్కడ ప్రసంగాలుండవు, అందరూ మెల్లగా మాట్లాడతారు. సమావేశ మందిరాలు ప్రపంచమంతటా వేలల్లో ఉంటే, పనిచేస్తున్న దేవాలయాలు రెండు వందలు దాటాయి, అంతే.

మిమ్మల్ని మోర్మన్లు అనొచ్చా?

తిట్టు కాదు కాబట్టి కోపం తెచ్చుకోనక్కర్లేదు. మోర్మన్ గ్రంథాన్ని లేఖనంగా నమ్ముతాం కాబట్టి బయటివాళ్ళు ఆ పేరు పెట్టారు. కానీ సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం. పూర్తి పేరే వాడమని 2018 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ కోరారు. పేరులో యేసు క్రీస్తు ఉండగా దాన్ని వదిలేసి ఇంకో పేరుతో పిలిపించుకోవడం నాకూ నచ్చదు.

## చరిత్ర గురించి

మొదటి దేవాలయం ఎక్కడ కట్టారు?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కర్ట్‌లాండ్ అనే ఊళ్ళో. 1836 మార్చి 27న ప్రతిష్ఠించారు. వారం రోజులకే, ఏప్రిల్ 3న, అక్కడ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్‌కు ఏలీయా ప్రవక్త ప్రత్యక్షమై కుటుంబాలను బంధించే అధికారం ఇచ్చాడని మన విశ్వాసం. తండ్రుల హృదయాలు పిల్లలవైపు, పిల్లల హృదయాలు తండ్రులవైపు తిరుగుతాయని మలాకీ 4వ అధ్యాయంలో ఉన్న మాట ఇక్కడే మొదలైందని మనం చెప్పుకుంటాం. తర్వాత హింస వల్ల ఆ ఊరు వదిలేశారు, ఇల్లినాయిస్ రాష్ట్రంలోని నావూలో కట్టిన దేవాలయాన్నీ వదిలేసి పడమటికి పోయారు. అక్కడ కట్టిన సాల్ట్ లేక్ దేవాలయానికి 1853లో శంకుస్థాపన చేస్తే 1893లో ప్రతిష్ఠ జరిగింది. నలభై ఏళ్ళు! రాళ్ళు మోసినవాళ్ళలో చాలామంది అది పూర్తవడం చూడలేదు. మన దేవాలయం ఆలస్యమైందని ఎవరైనా నిట్టూర్చినప్పుడు నాకు వాళ్ళే గుర్తొస్తారు.

ఇండియాకి ఈ సంఘం ఎప్పుడొచ్చింది? తెలుగువాళ్ళకి ఎవరు తెచ్చారు?

మొదటి బాప్తిస్మాలు 1851లో కలకత్తాలో జరిగాయి. అమెరికా నుంచి మిషనరీలు కూడా వచ్చారు కానీ కొన్నేళ్ళకే ఆ పని ఆగిపోయింది.

మన కథ హైదరాబాద్‌లో మొదలవుతుంది. ఎడ్విన్ ధర్మరాజు గారు, ఆయన భార్య ఎల్సీ గారు సమోవా దీవుల్లో ఉండగా ఈ సంఘంలో చేరారు. 1978 చివర్లో మిషనరీలుగా సొంత ఊరు హైదరాబాద్‌కు వచ్చి తమ కుటుంబానికి చెప్పారు. ఇరవై రెండు మంది బంధువులు బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ గారి తండ్రి శ్రీనివాసం గారు బాప్టిస్టు పాస్టరు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పని ఆయన చేతుల మీదుగా జరిగింది. మిషనరీ వచ్చి తలుపు తట్టడం కాదు, కూతురు ఇంటికొచ్చి చెప్పడంతో మొదలైంది. కుటుంబాల్ని కలిపే దేవాలయం గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి వదలకుండా చెప్తాను.

1993లో బెంగళూరు కేంద్రంగా మిషన్, అంటే మిషనరీల పని చూసుకునే విభాగం, ఏర్పడింది. 2012 మే నెలలో హైదరాబాద్ స్టేకు (కొన్ని వార్డులు కలిసిన పెద్ద విభాగం) ఏర్పడింది, దేశం మొత్తానికి అదే మొదటి స్టేకు. రాజమండ్రి, విశాఖపట్నంలలో కూడా చాలాకాలంగా మన సభ్యులున్నారు.

బెంగళూరు కంటే ముందు మనవాళ్ళు ఎక్కడికి వెళ్ళేవాళ్ళు?

ఎక్కువమంది హాంకాంగ్. కౌలూన్ టాంగ్ అనే చోట, చుట్టూ ఎత్తైన కట్టడాల మధ్య ఉంటుంది ఆ దేవాలయం. స్థలం దొరకని నగరం కాబట్టి ఒకే బిల్డింగులో చాపెల్, మిషన్ ఆఫీసు, దేవాలయం అన్నీ ఇమిడ్చారు. 1996 మేలో ప్రతిష్ఠ అయింది. 2019 జులైలో మరమ్మతులకు మూశారు, 2022 జూన్‌లో మళ్ళీ ప్రతిష్ఠించి తెరిచారు. 2023 అక్టోబరులో బ్యాంకాక్ దేవాలయం కూడా వచ్చింది.

మేం 2017లో హాంకాంగ్ వెళ్ళాం. నలుగురికీ పాస్‌పోర్టులు కావాలి. చిన్నోడికి అప్పుడు నాలుగేళ్ళు, ఫొటోలో కళ్ళు మూసేస్తున్నాడని స్టూడియోవాడు పదకొండు సార్లు తీశాడు. రెండేళ్ళు చీటీ కట్టాం, అది ఎత్తి టికెట్లు కొన్నాం. మాతోపాటు ఇంకో మూడు కుటుంబాలు. ఒకావిడ స్టీలు డబ్బాలో పులిహోర, ఇంకొకావిడ కందిపొడి తెచ్చారు. విమానం ఎక్కడం అందరికీ అదే మొదటిసారి.

దేవాలయంలో మా పిల్లలిద్దరికీ తెల్ల బట్టలు వేసి, కుటుంబాన్ని శాశ్వతంగా కలిపే విధి కోసం మేం మోకరించిన చోటికి తీసుకొచ్చారు. చిన్నోడు నా చెయ్యి మీద చెయ్యి పెట్టి, ఎందుకో గానీ అసలు కదల్లేదు. ఆ గది, ఆ చిన్న చెయ్యి ఇప్పటికీ నా కళ్ళముందే ఉన్నాయి.

కానీ అందరూ వెళ్ళలేకపోయారు. పాస్‌పోర్టుకి కాగితాలు సరిపోక కొందరు, అప్పు పుట్టక కొందరు ఆగిపోయారు. భర్త ఒక్కడే వెళ్ళొచ్చి, భార్యాపిల్లలు ఇంకా వెళ్ళని ఇళ్ళు నాకు తెలుసు. కుటుంబమంతా కలిసి చేయాల్సిన పని కదా, ఒక్కరు వెళ్తే సగమే జరిగినట్టు. బెంగళూరు అనే మాట వింటే మనవాళ్ళ కళ్ళు చెమర్చడానికి కారణం ఇదే.

బెంగళూరు దేవాలయం ఎప్పుడు ప్రకటించారు? ఎక్కడ కడుతున్నారు?

2018 ఏప్రిల్ 1, ఈస్టర్ ఆదివారం. సంఘమంతటికీ జరిగే సర్వసభ్య సమావేశం చివర్లో అధ్యక్షుడు నెల్సన్ ఏడు దేవాలయాలు ప్రకటించారు, అందులో బెంగళూరు ఒకటి. మనకు అప్పుడు ఏప్రిల్ 2 తెల్లవారుజాము మూడున్నర. మా వార్డు గ్రూపులో ఒకరు పెట్టిన మెసేజ్‌లో ఒక్క అక్షరం లేదు, ఏడుపు బొమ్మలే ఉన్నాయి. ఏమైందోనని నాకు టెన్షన్ వచ్చింది, ఆ తర్వాతే వార్త చూశాను.

అదే నెలలో ఆయన స్వయంగా బెంగళూరు వచ్చారు. మొదట ఆరే ప్రకటించాలని అనుకున్నామనీ, సమావేశానికి ముందు రాత్రి ఇండియా పేరు చేర్చమని ప్రభువు తెలియజేశాడనీ సభ్యులతో చెప్పారు. అప్పటికి దేశం మొత్తం మీద మన సభ్యులు పదమూడు వేల పైచిలుకు. ఇంత తక్కువమందిమి ఉన్నా మనల్ని తలుచుకున్నారు కదా అని ఎంతమంది అన్నారో!

2020 డిసెంబరు 2న శంకుస్థాపన జరిగింది. ఏరియా సెవెంటీ, అంటే ఈ ప్రాంతాన్ని చూసుకునే సంఘ నాయకుల్లో ఒకరైన రాబర్ట్ కె. విలియం అధ్యక్షత వహించారు. కోవిడ్ రోజులు కావడంతో కొద్దిమందే వెళ్ళగలిగారు. స్థలం వైట్‌ఫీల్డ్ వైపు, గరుడాచార్‌పాళ్యలో. మెట్రో పర్పుల్ లైన్‌లో ఆ పేరుతోనే స్టేషను ఉంది. నమూనా ప్రకారం రెండంతస్తులు, 38 వేల చదరపు అడుగులకు పైగా. తేదీల విషయంలో ఫార్వర్డ్ మెసేజ్‌లు నమ్మకండి, సంఘం అధికారిక ప్రకటననో మీ వార్డు పెద్ద అయిన బిషప్ గారి మాటనో చూసుకోండి.

మొదటి స్టేకు హైదరాబాద్ అయినప్పుడు దేవాలయం అక్కడ ఎందుకు కట్టలేదు?

స్థలం నిర్ణయించేది ప్రథమ అధ్యక్షత్వం, అంటే సంఘ అధ్యక్షుడు, ఆయన సలహాదారులు. నాకూ మొదట చిన్న బాధ కలిగిన మాట నిజం. కానీ మ్యాప్ చూడండి. చెన్నై, కోయంబత్తూరు సభ్యులకు బెంగళూరు దగ్గర. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సో కాచిగూడ రైలో ఎక్కితే పొద్దున్నకి దిగుతాం. విశాఖ, రాజమండ్రి వాళ్ళకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది. పాస్‌పోర్టు అక్కర్లేదు, స్లీపర్ టికెట్ చాలు.

## వెళ్ళేముందు

సిఫారసు అంటే ఏమిటి? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

దేవాలయంలోకి వెళ్ళడానికి ఇచ్చే చిన్న కార్డు అది. ముందు బిషప్ గారితో, తర్వాత స్టేకు అధ్యక్షత్వంతో విడివిడిగా మాట్లాడాలి. రెండేళ్ళు చెల్లుతుంది. ప్రశ్నలు ముందే తెలిసినవి: దేవుడి మీద, యేసు క్రీస్తు మీద విశ్వాసం ఉందా, నిజాయితీగా ఉంటున్నారా, వివాహ బంధంలో నమ్మకంగా ఉన్నారా, దశమభాగం (ఆదాయంలో పదో వంతు) ఇస్తున్నారా, జ్ఞాన వాక్యం పాటిస్తున్నారా, అంటే మద్యం, పొగాకు, టీ, కాఫీలకు దూరంగా ఉన్నారా.

మనవాళ్ళు ఎక్కువ తడబడేది టీ దగ్గరే. చుట్టాలింటికి వెళ్తే అడక్కుండానే కప్పు చేతిలో పెడతారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. "మజ్జిగ ఇవ్వండి అత్తయ్యా" అనడం అలవాటు చేసుకోండి, మర్యాదా దక్కుతుంది, మాటా నిలుస్తుంది. పరీక్షకి వెళ్ళినట్టు భయపడకండి. ఏదైనా సరిగా లేకపోతే నిజం చెప్పండి, దాన్ని ఎలా సరిచేసుకోవాలో చెప్పడానికే ఆయన కూర్చుంది.

బాప్తిస్మం తీసుకుని మూడు నెలలే అయింది. నేను వెళ్ళొచ్చా?

మృతుల కొరకు, వారి స్థానంలో మనం నీళ్ళలో దిగి చేసే బాప్తిస్మాలకు వెళ్ళొచ్చు, దానికి వేరే సిఫారసు ఇస్తారు. పన్నెండేళ్ళు నిండబోయే ఏడాది జనవరి నుంచి పిల్లలు కూడా ఆ పనికి వెళ్ళొచ్చు. సొంతంగా దేవాలయ వరము, అంటే దేవుడితో నిబంధనలు చేసుకునే విధి, పొందడానికి మాత్రం పెద్దవాళ్ళు సభ్యులై కనీసం ఏడాది కావాలి.

లోపలికి వెళ్ళడానికి డబ్బు కట్టాలా?

లేదు. టికెట్టు లేదు, హుండీ లేదు, ఏ విధికీ రుసుము లేదు. అయితే సిఫారసు కావాలంటే దశమభాగం ఇస్తూ ఉండాలి. ఆ మాట దాచకుండా చెప్పాలి. పదివేలు వచ్చేవారికి వెయ్యి, ఏమీ రానివారికి ఏమీ లేదు. దూర దేశపు దేవాలయానికి తమ ఖర్చుతో వెళ్ళలేని సభ్యులు జీవితంలో ఒకసారి వెళ్ళడానికి సంఘంలో ప్రత్యేక సహాయ నిధి ఉంది. హాంకాంగ్ రోజుల్లో ఎన్నో ఇళ్ళకు అదే ఆధారం అయింది.

ఏ బట్టలు వేసుకుని వెళ్ళాలి?

ఆదివారం చర్చికి వేసుకునేవి చాలు. చీరైనా, చుడీదారైనా పర్లేదు. లోపల అందరూ తెల్ల బట్టలు మార్చుకుంటారు. ఆఫీసరుకీ ఆటో డ్రైవరుకీ తేడా కనపడదు. కులం పేరు, ఊరి పేరు, జీతం అన్నీ లాకర్లో చెప్పులతో పాటు ఉండిపోయినట్టు అనిపించింది నాకు.

## లోపల

లోపల ఏం చేస్తారు? అంత రహస్యం ఎందుకు?

మూడు ముఖ్యమైన పనులు. చనిపోయినవారి కొరకు బాప్తిస్మం. దేవాలయ వరము, అంటే సృష్టి మొదలు దేవుని సన్నిధికి తిరిగి చేరేవరకు సాగే బోధన, మధ్యలో మనం చేసే నిబంధనలు. మూడోది భార్యాభర్తల్ని, పిల్లల్ని శాశ్వతంగా కలిపే బంధనం. ఏయే నిబంధనలు చేస్తామో సంఘమే బహిరంగంగా ప్రచురించింది: విధేయత, త్యాగం, సువార్త, పవిత్రత, సమర్పణ. కొన్ని మాటలు, సంజ్ఞలు మాత్రం బయట చెప్పబోమని మాట ఇస్తాం. ఎంతో విలువైన మాటను నలుగురిలో విప్పి మాట్లాడం కదా, అదే కారణం.

లోపల పన్నెండు ఎద్దుల విగ్రహాలు ఉంటాయట. అది విగ్రహారాధన కాదా?

బాప్తిస్మపు తొట్టిని పన్నెండు ఎద్దులు మోస్తున్నట్టు కడతారు. 1 రాజులు 7వ అధ్యాయంలో సొలొమోను చేయించిన నీళ్ళ తొట్టికీ అలాగే ఉంది. అవి ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలకు గుర్తు. వాటికి ఎవరూ మొక్కరు.

సభ్యులు కానివాళ్ళు ఎప్పటికీ చూడలేరా?

చూడొచ్చు. కొత్త దేవాలయాన్ని ప్రతిష్ఠించేముందు కొన్ని రోజులు అందరికీ తెరిచి ఉంచుతారు. గదులన్నీ తిప్పి చూపిస్తారు, డబ్బులేమీ ఉండవు. మీ అత్తింటివాళ్ళను, ఆఫీసువాళ్ళను పిలవడానికి అదే సమయం. ప్రతిష్ఠ అయ్యాక లోపలికి సిఫారసు ఉన్నవాళ్ళే వెళ్తారు.

## పెళ్ళి, కుటుంబం

మా అమ్మానాన్నలు సభ్యులు కారు. నా పెళ్ళి చూడలేరంటే ఎలా ఒప్పుకుంటారు?

అందరికంటే ఎక్కువ ఏడిపించే ప్రశ్న ఇది. ఒకప్పుడు కొన్ని దేశాల్లో బయట పెళ్ళి చేసుకుంటే బంధనానికి ఏడాది ఆగాల్సి వచ్చేది. 2019 మేలో ఆ నియమం తీసేశారు. ఇప్పుడు మీ ఊళ్ళోనే బంధువులందరి ముందు చట్టబద్ధంగా పెళ్ళి చేసుకోండి. అమ్మ అక్షింతలు వేయనీ, నాన్న చేతుల్లో చెయ్యి పెట్టనీ. తర్వాత వీలైనంత త్వరగా దేవాలయానికి వెళ్ళి బంధనం చేయించుకోండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎందుకో అమ్మానాన్నలకు ముందే చెప్పండి. పెళ్ళయ్యాక ఎవరి ద్వారానో తెలిస్తే ఆ గాయం మానదు.

మా ఆయన సభ్యుడు కాదు. నేను ఒక్కదాన్నే వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చమ్మా. మీ సొంత దేవాలయ వరము మీరు పొందవచ్చు. బంధనానికి మాత్రం ఇద్దరూ సభ్యులై సిద్ధపడి ఉండాలి. ఆయనతో గొడవపడి వెళ్ళకండి. చేసే నిబంధనల గురించి ఆయనకూ చెప్పి, ఆయన మనసు తెలుసుకుని వెళ్ళండి.

పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళాలా?

బంధనం తర్వాత పుట్టిన పిల్లలు నిబంధనలోనే పుట్టినట్టు, వాళ్ళకు వేరే విధి అక్కర్లేదు. అంతకుముందే పుట్టినవాళ్ళను తల్లిదండ్రులతో బంధించాలి కాబట్టి తీసుకెళ్ళాలి.

## పూర్వీకులు

చనిపోయినవాళ్ళకు బాప్తిస్మం ఏమిటి? బైబిల్లో ఉందా?

1 కొరింథీయులకు 15:29లో పౌలు ఆ మాట ఎత్తాడు. ఆ వచనానికి మిగతా సంఘాలు వేరే అర్థాలు చెప్తాయి, మనం ఉన్నదున్నట్టు తీసుకుంటాం. క్రీస్తు పేరు వినకుండానే పోయినవారికీ అవకాశం ఉండాలనేది దీని వెనకున్న నమ్మకం. వారి స్థానంలో ఒక జీవించి ఉన్న వ్యక్తి నీళ్ళలో దిగుతాడు.

మా తాతలు హిందువులు. వాళ్ళను బలవంతంగా మార్చినట్టు కాదా?

కాదు. విధి జరిగినా, ఒప్పుకోవడమో వద్దనడమో ఆ ఆత్మ ఇష్టం. సంఘం సభ్యుల లెక్కలో వారిని చేర్చరు. అయినా ఈ విషయంలో జాగ్రత్త అవసరం. గతంలో కొందరు అత్యుత్సాహంతో నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్లు ఇస్తే ఆ సమాజం బాధపడింది, అలా ఇవ్వకూడదని 1995లో సంఘం ఒప్పుకుంది. కాబట్టి మీ సొంత పూర్వీకుల పేర్లే ఇవ్వండి. గత 110 ఏళ్ళలో పుట్టినవారైతే బతికున్న దగ్గరి బంధువు అనుమతి తీసుకోవాలి. మీ పెదనాన్న వద్దంటే ఆగండి.

మా ఇంట్లో ఎవరికీ పుట్టిన తేదీలు తెలియవు. పేర్లు ఎలా పంపాలి?

సుమారు సంవత్సరం చాలు. తేదీ కోసం అడగకండి, సంఘటన కోసం అడగండి. మా నాయనమ్మను "బాబాయి ఎప్పుడు పుట్టాడు?" అంటే "ఏమో" అంది. "దివిసీమ ఉప్పెనకి ఎంతవాడు?" అంటే "చంకలో ఉన్నాడు, అన్నం ముద్ద మింగుతున్నాడు" అని టక్కున చెప్పింది. ఉప్పెన 1977 నవంబరు. అన్నప్రాశన అయ్యాడంటే ఆ ఏడాది మొదట్లోనో అంతకుముందు ఏడాది చివర్లోనో పుట్టి ఉండాలి. అలా ఒక మధ్యాహ్నం పాత క్యాలెండర్ వెనకవైపు పంతొమ్మిది పేర్లు రాసుకున్నాను.

మన ఇళ్ళలో రెండు చిక్కులు తప్పకుండా వస్తాయి. తాత పేరు మనవడికి పెడతాం కాబట్టి ఒకే పేరు ప్రతి తరంలోనూ వస్తుంది, ఊరు పేరు కూడా రాసుకుంటే కలిసిపోవు. మేనరికాల వల్ల ఒకే మనిషి అమ్మవైపూ నాన్నవైపూ కనపడతారు, రెండుసార్లు ఎక్కించకండి. ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరే రాయాలి, దాన్ని మర్చిపోతే ఆ వైపు దారి మూసుకుపోతుంది. మీవాళ్ళు ఎవరైనా కాశీ, గయ వెళ్ళి ఉంటే అక్కడి పండాల (యాత్రికుల వంశాల పేర్లు రాసిపెట్టే పురోహితుల) పుస్తకాల్లో పేర్లు ఉండొచ్చు. హరిద్వార్ పండాల వహీలను, అంటే అలాంటి పుస్తకాలను, మన సంఘపు వంశావళి సంస్థ మైక్రోఫిల్ము తీయించింది కూడా.

ఈ పని వాయిదా వేయకండి. అడగాల్సింది ఎనభై దాటినవాళ్ళను.

నాయనమ్మ పేరుకు నేనే వెళ్ళొచ్చా? నేను మగవాణ్ని.

వీల్లేదు. మగవారి పేర్లకు మగవారు, ఆడవారి పేర్లకు ఆడవారే వెళ్ళాలి. పేర్లు అచ్చువేసిన కార్డులు కూడా వేరు, మగవారికి నీలం, ఆడవారికి గులాబీ. మా నాయనమ్మ తల్లి పేరు కార్డు మా ఆవిడ తీసుకెళ్ళింది. నాయనమ్మ తన తల్లిని చూసింది ఆరేళ్ళ వయసు దాకే, ఫొటో లేదు, పేరొక్కటే మిగిలింది. నీళ్ళలోంచి వచ్చాక మా ఆవిడ తల తుడుచుకుంటూ ఆ కార్డు నా చేతికిచ్చింది, ఒక మూల తడిసింది. ఊరికొచ్చాక నాయనమ్మకు చూపించాను. చదువు రాదు కాబట్టి పేరు ఎక్కడుందో వేలితో చూపించమంది. చూపిస్తే అక్కడే చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.